సూరత్ నగరమున సైన్సు పంతుళ్ళ కార్యశాల



పళ్ళెములో కొంచెము నీరు పోసి, నడుమ మైనపువత్తిని నిలిపి వెలిగించి, దానిపై గాజుగ్లాసును బోర్లించినచో, దీపము కొన్ని క్షణములు మినుకుమినుకుమని ఆరిపోవుటయు, వెలుపలి నీరు గ్లాసులోనికి ఎగబ్రాకుటయు మనమందరము బడిలో చూచిన ప్రయోగమే. చూడనివారు, చూచితిమని పరీక్షలో వ్రాసిన ప్రయోగమే. గ్లాసులోని ప్రాణవాయువు మంటకు ఆహుతి యైనదనియు, గాలిలో ప్రాణవాయువు అయిదవ వంతు గనుక నీరును అయిదవ వంతు ఎత్తునకు లేచినదనియు పంతులుగారు సెలవియ్యగా మనము తలలూపితిమి. ఆ వివరణము సరియైనది కాదు. సరికాదని చెప్పుటకు గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. మరి రెండు మైనపువత్తులుండిన చాలును.

మూడు వత్తులను ఒకదాని ప్రక్క నొకటి నిలిపి, వెలిగించి, అదే గ్లాసును బోర్లించి చూడుడు. గ్లాసులోని ప్రాణవాయువు పెరుగలేదు గదా. అయినను నీరు మునుపటికంటె ఎత్తునకు లేచును. గ్లాసు అంచును శ్రద్ధతో పరికించినవారికి, బోర్లించిన తొలి క్షణములలో నీటిలోనుండి బుడగలు వెడలుట కూడ కనబడును. మంటవేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోవుచున్నది. దీపమారిన పిదప మిగిలిన గాలి చల్లబడి సంకోచించుచున్నది, ఆవిరి నీరుగా మారుచున్నది. ఆ కొరతను పూరించుటకు వెలుపలి వాయుపీడనము నీటిని లోనికి త్రోయుచున్నది. మండిన ప్రాణవాయువు మాయమైపోలేదు, అందులో అధికభాగము బొగ్గుపులుసు వాయువై గ్లాసులోనే నిలిచినది. దీపము ఆరు వేళకు లోపల ప్రాణవాయువు ఇంకను చాలవరకు మిగిలియే యుండును. నిజముగా అయిదవ వంతును చూడవలెనన్న కోరిక కలవారు, తడిపిన పరీక్షనాళికలో ఇనుపరజను చల్లి, దానిని నీటిలో బోర్లించి కొన్ని దినములు ఓపికపట్టవలెను. ఇనుము త్రుప్పుపట్టుచు ప్రాణవాయువును ఘనపదార్థముగా బంధించును గనుక, నీరు మెల్లమెల్లగా లేచి అయిదవ వంతు దాపున ఆగును. రజనుకు బదులు అంగడినుండి గిన్నెలు తోము త్రుప్పుపట్టని ఉక్కుపీచును తెచ్చి పెట్టిన ఉపాధ్యాయునకు మాత్రము వారము గడచినను నీరు కదలదు. ఎందుకు కదలదో అతడే కనుగొనినచో, ఆ పాఠము అతని తరగతిలోని పిల్లలకు కలకాలము అక్కరకు వచ్చును.

ఈనాటి నా ప్రసంగ విషయము ఇదియే. సైన్సు ఉపాధ్యాయులను ఒకచోట చేర్చి, వారిచేతనే ప్రయోగములు చేయించి, వారి నడుమ వాదోపవాదములు పుట్టించు కార్యశాలలను గూర్చి, అందును విశేషించి, మన తెలుగువారు వేలకొలదిగా స్థిరపడిన సూరత్ నగరమును దృష్టియందుంచుకొని, కొంత ముచ్చటింపదలచినాను. ప్రదర్శనమునకును కార్యశాలకును భేదమున్నది. వేదికపై ఒక నిపుణుడు నిలిచి గ్లాసు బోర్లించగా నూర్గురు ఉపాధ్యాయులు చప్పట్లు చరచుట ప్రదర్శనము. నలుగురేసి ఉపాధ్యాయులు ఒక బల్లచుట్టు కూర్చుండి, వత్తుల సంఖ్య పెంచినచో ఏమగునో ముందుగా కాగితముపై వ్రాసికొని, ఆపై తామే వెలిగించి, తమ ఊహ తప్పినప్పుడు ఒకరి ముఖము నొకరు చూచికొని, నీవన్నది ఏమి, నేనన్నది ఏమి అని తగవులాడుకొనుట కార్యశాల. మొదటిదానిలో ఉపాధ్యాయునకు ఒక వినోదము లభించును. రెండవదానిలో, ఇరువది యేండ్లుగా తాను చెప్పుచు వచ్చిన మాట నిలువదని తెలిసిన క్షణమున కలుగు ఆ చిన్న కలవరము లభించును. నా దృష్టిలో కార్యశాల సారమంతయు ఆ కలవరమునందే యున్నది. దానిని అనుభవింపని ఉపాధ్యాయుడు, తన తరగతిలో ఒక బాలుడు లేచి "అట్లు కాలేదండీ" అన్నప్పుడు, కూర్చోమని గద్దించును. అనుభవించినవాడు, ఏదీ మరల చేయుము చూతమనును.

ఇక సూరత్ మాట. తపతీ నదీతీరమున, సముద్రమునకు అనతిదూరమున వెలసిన ఆ పట్టణము మొగలాయీల కాలమున పడమటి తీరమునకు సింహద్వారము. మన మచిలీపట్టణము తూర్పుతీరమున ఏ స్థానము నలంకరించెనో, సూరత్ అక్కడ అట్టి స్థానము నలంకరించెను. ఆంగ్ల వర్తకులు 1611లో మచిలీపట్టణమునను, అటుపై కొలది కాలమునకే సూరత్ నందును గిడ్డంగులు తెరచినది ప్రధానముగా ఈ రెండు తావుల నేతబట్టల కొరకే. నేడు ఆ నగరమునకు రెండు వృత్తులు ప్రాణము: ఒకటి కృత్రిమపు పట్టునేత, రెండవది వజ్రముల సాన. చేమగ్గము కూడుపెట్టని దినములలో కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి పద్మశాలి కుటుంబములు షోలాపూరునకును, భివండికిని, సూరత్తునకును వలసపోయినవి. సూరత్ నందలి లింబాయత్ మొదలగు పేటలలో నడచినచో, మరమగ్గముల హోరు నడుమ తెలంగాణపు యాస చెవిని పడుచునే యుండును. ఆ పిల్లల నిమిత్తమై నగరపాలక సంస్థకు చెందిన ప్రాథమిక శిక్షణ సమితి తెలుగు మాధ్యమమున కూడ బడులు నడుపుచున్నది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమముల సరసన తెలుగును నిలిపి, ఒకే నగరపాలక సంస్థ ఇన్ని భాషలలో బడులు నడుపుట మెచ్చుకొనదగిన సంగతి.

అయితే అటువంటి బడిలోని తెలుగు పంతులు ఒంటరివాడు. గుజరాతీ మాధ్యమపు ఉపాధ్యాయునకు ప్రక్కవీధిలోనే పదిమంది తోడివారు దొరకుదురు. ఇతనికి తన భాషలో పాఠము చెప్పు సైన్సు ఉపాధ్యాయులు నగరమంతటను వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది. శిక్షణ సభలు గుజరాతీలోనో హిందీలోనో జరుగుట సహజము. ఉపన్యాసముతో నడచు శిక్షణమైనచో అతడు సగము విని సగము వదలును. చేతులతో నడచు శిక్షణమునందు అట్టి చిక్కు బహుస్వల్పము: బల్లకు ఆవల కూర్చున్న ఒడియా ఉపాధ్యాయిని లోలకపు దారమును పొట్టిచేయగా ఊపు వేగిరపడుట ఇతడును చూచును, గుండు బరువు మార్చినను కాలము మారకుండుట ఆమెయు చూచును. దారము మీటరు పొడవున్నచో లోలకము ఒకమారు పోయివచ్చుటకు ఇంచుమించు రెండు సెకండ్లు పట్టును. సెకండు చాలుననుకొనువారు దారమును సగము చేసి లాభము లేదు, పాతిక సెంటీమీటర్లకు తగ్గింపవలెను. సగము చేసినచో సగమగునని తొలుత పందెము కట్టనివారు అరుదు. ఈ సంగతి కనుగొనుటకు ఉభయులకును గట్టి హిందీ రానక్కరలేదు.

సూరత్ నందు నగరపాలక సంస్థ వారే నిర్మించిన విజ్ఞాన కేంద్రము సిటీలైట్ రోడ్డున 2009 నుండియు ప్రజలకు తెరచియున్నది. చేతితో త్రిప్పియు, త్రొక్కియు, నొక్కియు చూడదగిన పరికరములు, నక్షత్రశాల, ఒకే ప్రాంగణమున నగరపు ప్రదర్శనశాల కూడ అందు కలవు. అది మంచి సంస్థ. కాని విజ్ఞాన కేంద్రములను గూర్చి నాకొక సందేహము లేకపోలేదు. అచ్చటి పరికరములు ఎంత సొగసుగా నిర్మింపబడినవో, ఉపాధ్యాయుని బడిలో అవి ఉండుటకు అంత వీలులేనివి. వాటిని చూచి తిరిగి వచ్చిన పంతులు, "మాకు అవి లేవు గదా" యని నిట్టూర్చి, నల్లబల్లపై బొమ్మ గీయుటకు మరల పూనుకొనును. సూరత్ బడికి కావలసిన ప్రయోగశాల విజ్ఞాన కేంద్రమునందు కంటె ఆ పేటలలోనే, మగ్గముల కొట్టములలోనే హెచ్చుగా దొరకునని నా విశ్వాసము.

మగ్గమునే చూడుడు. పడుగు, పేక, నాడె, కండె అను మాటలు ఆ పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చినవి. మరమగ్గమున నాడె ఒక అంచునుండి మరియొక అంచునకు కొట్టబడి, పరుగెత్తి, నిలుచుచున్నది. వేగము, జడత్వము, ఘర్షణ అను మూడు అధ్యాయములు ఆ ఒక్క కొయ్యముక్కలో ఇమిడియున్నవి. పాలిస్టరు బట్టతో ప్లాస్టిక్ గొట్టమును రుద్దినచో విద్యుదావేశము పుట్టి అది కాగితపు ముక్కలను లాగికొనును. ఆ బట్టపేలికలు అచ్చట వీధిలో ఊరకే దొరకును. ఇందులో ఒక మెలకువ కలదు. వానకాలపు కార్యశాలలో ఈ ప్రయోగము పెట్టినచో తేమచేత ఆవేశము నిలువదు, ఉపాధ్యాయులు నవ్వుదురు, నిర్వాహకుడు చిన్నబోవును. డిసెంబరు, జనవరి నెలలలో పెట్టినచో చక్కగా పనిచేయును. తెలివిగల నిర్వాహకుడు రెండు ఋతువులలోను పెట్టి, భేదమునకు కారణమేమని అడుగును. మరమగ్గముల శాలలో గాలి తేమ యొక్క అవసరమును గూర్చి నేతకార్మికుడైన తండ్రిని అడిగి రమ్మని పిల్లవానిని పంపినచో, ఆ సాయంకాలము ఆ ఇంట సైన్సు పాఠము తండ్రి నోట వెడలును. తండ్రి చదువుకొననివాడై యుండవచ్చును. అయినను ఆ ఒక్క విషయమున పంతులుగారికంటె అతడే పండితుడు.

వజ్రముల సంగతి మరియు రమ్యము. ప్రపంచమున సానపట్టబడు వజ్రములలో అత్యధికభాగము సూరత్ పనివారి చేతులమీదుగా పోవునవే. పదునెనిమిదవ శతాబ్దమున బ్రెజిలులో గనులు బయల్పడువరకు లోకమునకు వజ్రములిచ్చినది ప్రధానముగా మన కృష్ణాతీరపు కొల్లూరు మొదలగు గనులు గనుక, రాయి మనది, సాన వారిది అని తెలుగువాడు కొంచెము గర్వపడినను తప్పులేదు. ఘంటి యని వారు పిలుచు సానచక్రముచుట్టు కూర్చున్న పనివాడు రాతికి ఏ కోణమున ముఖము దీర్చవలెనో ఎరిగియుండును. ఆ కోణమేల యని అడిగినచో, మెరుపుకొరకనును. భౌతికశాస్త్ర గ్రంథము చెప్పునదియు అదియే. వజ్రపు వక్రీభవన గుణకము 2.42, అందుచేత లోపలి కాంతి ముఖముపై లంబరేఖతో 24 డిగ్రీలకు మించిన కోణమున తాకినచో బయటికి పోలేక సంపూర్ణముగా పరావర్తనము చెందును. గాజునందు ఆ కోణము సుమారు 42, నీటియందు 49. వజ్రమును కార్యశాలకు తేజాలము. తెచ్చినను పంతుళ్ళను తనిఖీ చేసి గాని ఇంటికి పంపరు. ప్లాస్టిక్ సీసా ప్రక్కన చిన్న రంధ్రము పొడిచి, నీరు ధారగా కారుచుండగా, ఎదుటి ప్రక్కనుండి లేసరు టార్చి వెలుగును ఆ రంధ్రముమీదికి పంపినచో, కాంతి నీటిధారలో చిక్కి ధారతోపాటు వంగి అరచేతిలో పడును. ఇది చూచిన ఉపాధ్యాయుడు సంపూర్ణాంతర పరావర్తనము అను మహాశబ్దమును తరువాత ఎప్పుడైనను చెప్పవచ్చును. ముందుగా చెప్పినచో శబ్దమే మిగులును.

ఈ పద్ధతి క్రొత్తది కాదు, పరాయిదియు కాదు. అదే గుజరాతు దేశమున, భావనగరములో, గిజుభాయి బధేకా 1920లో దక్షిణామూర్తి బాలమందిరమును స్థాపించి, బెత్తము లేని బడి ఎట్లుండునో ఆచరించి చూపెను. ఆయన ‘దివాస్వప్న’ తెలుగున ‘పగటికల’గా మన ఉపాధ్యాయులు పలువురు చదివినదే. అహమ్మదాబాదులో విక్రమ్ సారాభాయి, రాకెట్టులను గూర్చి ఆలోచించుచున్న ఆ దినములలోనే, బడిపిల్లల సైన్సు చదువును గూర్చియు ఆలోచించి, ప్రజా విజ్ఞాన కేంద్రమును నెలకొల్పెను. 1968 డిసెంబరు 22వ తేదీన సర్ సి. వి. రామన్ అచ్చటికి విచ్చేసి, ఆకాశమేల నీలముగా నున్నదను విషయముపై ప్రసంగించెను. నోబెలు బహుమానమందిన ఎనుబదియేండ్ల వృద్ధుడు ఎన్నుకొనిన ప్రశ్న, అయిదేండ్ల పిల్లవాడు అడుగు ప్రశ్నయే యగుట గమనింపదగినది.

అయితే ఉపాధ్యాయ కార్యశాలలను ఒక వ్యవస్థగా నడిపి చూపిన ఘనత హోషంగాబాదుది. నర్మద సముద్రమున కలియుటకు ముందు భరూచ్ మీదుగా, సూరత్తునకు ఉత్తరమున కొంతదూరములో ప్రవహించును గదా. అదే నది ఎగువన మధ్యప్రదేశమున హోషంగాబాదు జిల్లా యున్నది, ఇప్పుడు దానికి నర్మదాపురము అని పేరు. 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటరు అను రెండు సంస్థలు ఆ జిల్లాలో 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలను ఎన్నుకొని, ప్రయోగముల ద్వారా సైన్సు చెప్పు కార్యక్రమమును ఆరంభించినవి. టాటా పరిశోధన సంస్థను విడిచివచ్చిన అణుజీవశాస్త్రజ్ఞుడు అనిల్ సద్గోపాల్ దానికి సారథులలో ఒకడు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు అధ్యాపకులు కొందరు సెలవులలో వచ్చి పల్లెటూరి పంతుళ్ళతోపాటు నేలపై కూర్చుండి పనిచేసిరి. 1978లో అది జిల్లా యంతటికిని వ్యాపించినది; 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ దానిని చేపట్టినది. అంతకు ముందే, 1978లో, మోటారుల కర్మాగారమునుండి సెలవు పెట్టి వచ్చిన అరవింద గుప్త అను యువ ఇంజనీరు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కూర్చి త్రిభుజములు, ఘనములు చేయు ఆటను కనిపెట్టెను. అంగడిలో కొద్దిపాటి డబ్బులకు దొరకు ఆ రబ్బరు గొట్టము, ఖరీదైన నమూనాలు చేయు పనినే చేసినది. ఆయనకు 2018లో పద్మశ్రీ లభించినది.

ఆ కార్యక్రమమున నన్ను ఆకర్షించినది ఇట్టి పరికరముల కిట్టు కాదు. వేసవిలో వారముల కొలది జరుగు శిక్షణము ముగియగానే పంతుళ్ళను వారి మానాన వారిని వదలక, నెలకొకమారు దగ్గరి కేంద్రమున కలిసికొనుమని ఏర్పాటు చేసిరి. ఏ ప్రయోగము తరగతిలో నిలిచినది, ఏది కూలినది, ఏ పిల్ల ఏ ప్రశ్న వేసినది, ఏ ప్రశ్నకు తమకు సమాధానము తోచలేదు అను సంగతులన్నియు అచ్చట బయటపడెడివి. వానిని బట్టి పాఠ్యపుస్తకమే సవరింపబడెడిది. పిల్లలు తమ సందేహములను సవాలీరామ్ అను కల్పిత పురుషునకు ఉత్తరములుగా వ్రాసెడివారు. పరీక్షలో పుస్తకము తెరచి చూచుటకు అనుమతి యుండెడిది. ప్రయోగము చేసి చూపుట కూడ పరీక్షలో భాగముగా నుండెడిది. ముప్పది యేండ్లు నడచిన ఈ కార్యక్రమమును 2002లో ప్రభుత్వము మూసివేసినది. కారణములను గూర్చి వాదములు పెక్కు; పంతుళ్ళను గూర్చి ఎవరును ఫిర్యాదు చేసినట్లు నేను వినలేదు.

మన ఆంధ్రదేశమునందును ఇట్టి యత్నము జరుగకపోలేదు. 1984లో బ్రిటిషు సహాయముతో చిన్నగా ప్రారంభమై, 1989 తరువాత రాష్ట్రమంతటికిని విస్తరించి, 1996 వరకు సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకమును ఆనాటి ఉపాధ్యాయులు ‘అప్పెప్’ అని పిలిచెడివారు. పిల్లవాడు చేసి నేర్వవలెను, పరిసరములను వాడుకొనవలెను, పిల్లల పనిని గోడలపై ప్రదర్శింపవలెను అను సూత్రములు దానివే. పలుతావుల ఉపాధ్యాయ కేంద్రములు వెలసినవి. గోడలకు దారములు కట్టి పిల్లల బొమ్మలు వ్రేలాడదీయుట నాటినుండి మన బడులలో అలవాటైనది. దారములు పెక్కుచోట్ల మిగిలినవి. వాటిపై బొమ్మలు ఏండ్ల తరబడి అవియే యుండుట కూడ నేను చూచియున్నాను. కేంద్ర సమావేశములు క్రమముగా పైయధికారుల ఉత్తరువులు చదివి వినిపించు సభలుగా మారినపుడు, ప్రయోగములు ముందుగా జారుకొనినవి.

ఇప్పుడు 2020 నాటి జాతీయ విద్యావిధానము, ప్రతి ఉపాధ్యాయుడును ఏటా కనీసము 50 గంటలు వృత్తి వికాస శిక్షణము పొందవలెనని ఆశించుచున్నది. సంకల్పము మంచిది. కాని గంటలు నింపుట సులభము. జ్యోతి ప్రజ్వలనము, స్వాగతవచనములు, ముఖ్యఅతిథి సందేశము, ఫలహారము, తెరపై స్లైడుల వరుస, భోజనము, మరియొక స్లైడుల వరుస, హాజరుపట్టికలో సంతకము, ఛాయాచిత్రము, యోగ్యతాపత్రము: ఇట్లు ఆరు గంటలు గడచిన దినమున ఉపాధ్యాయుని చేయి తాకిన వస్తువు తేనీటి గిన్నె యొక్కటే యగు సందర్భములు లేకపోలేదు. ఇక పరికరముల పెట్టెలు ఇచ్చుట మరియొక ఆచారము. పెట్టెలోని గాజుసామాను పగిలినచో లెక్క చెప్పవలసినవాడు పంతులు. కనుక పెట్టెకు తాళము, తాళము ప్రధానోపాధ్యాయుని బీరువాలో. పగిలినదానికి జవాబుదారీ లేదని వ్రాతపూర్వకముగా ఒక ముక్క ఇచ్చినచో, ఏ కార్యశాలయు చేయలేని మేలు ఆ ముక్క చేయును.

నన్నడిగినచో, సూరత్ వంటి పట్టణమున సంవత్సరమునకు ఒక పెద్ద సభకంటె, నెలకొక శనివారపు మధ్యాహ్నము, నాలుగు మాధ్యమముల పంతుళ్ళు పదునైదు ఇరువదిమంది, ఏదో ఒక బడిలో కలిసికొని, ఒక్క ప్రయోగమును మాత్రము సాంగోపాంగముగా చేసి చూచుట మేలు. ఒకటి చాలును. అట్టిది ఒకటి సూచించి విరమించెదను. ఇది సూరత్ లోని తెలుగు పంతుళ్ళును, హైదరాబాదు పంతుళ్ళును కలిసి చేయవలసినది.

ఎరటోస్తనీసు అను గ్రీకు పండితుడు రెండువేల రెండువందల యేండ్ల క్రిందట ఐగుప్తు దేశమున రెండు ఊళ్ళ మధ్యాహ్నపు నీడలను పోల్చి భూమి చుట్టుకొలతను గణించెను. ఆ లెక్కనే మన ఈ రెండు నగరముల నీడలతో మరల చేయవచ్చును. సూరత్ అక్షాంశము 21.17, హైదరాబాదుది 17.38. సూరత్ కర్కాటకరేఖకు దక్షిణమున నున్నది గనుక అచ్చటను ఏడాదికి రెండుమారులు సూర్యుడు నడినెత్తికి వచ్చి నీడను మాయము చేయును. కాని మే చివరివారములో వచ్చు ఆ దినము వేసవి సెలవులపాలు, జూలై నడుమ వచ్చునది మబ్బులపాలు. అందుచేత జాతీయ విజ్ఞాన దినమైన ఫిబ్రవరి 28 మేలు. ఉపన్యాసములకు బదులుగా ఆనాడు ఒక మీటరు కర్రను ఆరుబయట నిటారుగా నిలుపుడు. తొలి తగవు గడియారముతో వచ్చును. మధ్యాహ్నమనగా పన్నెండు గంటలని పంతుళ్ళును తలతురు. మన గడియారములు 82న్నర డిగ్రీల రేఖాంశమునకు దిద్దినవి; సూరత్ దానికి చాల పడమట, పైగా ఫిబ్రవరి చివర సూర్యుడు గడియారమునకు పన్నెండు నిమిషములకు పైగా వెనుకబడి నడచును. కావున ఆనాడు సూరత్ నందు నీడ అతి పొట్టియగునది 12 గంటల 51 నిమిషముల ప్రాంతమున, హైదరాబాదులో 12 గంటల 29 నిమిషముల ప్రాంతమున. పుస్తకము చూడక, పావుగంట ముందునుండి రెండేసి నిమిషములకు నీడకొనను గుర్తించుచు పోయినచో ఆ వేళ తానే తేలును.

సూరత్ నీడ సుమారు 56 సెంటీమీటర్లు, హైదరాబాదు నీడ 47న్నర ఉండవలెను. నీడలనుండి కోణములు కట్టినచో రెంటికిని భేదము 3.8 డిగ్రీలు. రెండు నగరముల నడుమ దక్షిణోత్తర దూరము సుమారు 420 కిలోమీటర్లు. సూటిదూరము ఏడువందలకు పైబడును గాని అందులో తూర్పుపడమరల పాలు తీసివేయవలెను. 3.8 డిగ్రీలకు 420 కిలోమీటర్లైనచో నిండు చుట్టునకు ఎన్ని యనుటయే భూమి చుట్టుకొలత లెక్క. రెండవ తగవు ఇక్కడ వచ్చును: ఆ 420 ఎక్కడిది? అక్షాంశముల భేదమును 111 చేత గుణించితిననువాడు భూమి చుట్టుకొలతను ముందే ఒప్పుకొనినవాడు. పటముపై స్కేలుతో కొలిచినవాడే నిజాయితీపరుడు. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, నీడకొన ఎక్కడ యనునది. సూర్యుడు బిందువు కాదు, ఆకాశమున అర డిగ్రీ వెడల్పు గలవాడు. అందుచేత మీటరు కర్ర నీడ అంచు దాదాపు సెంటీమీటరు మేర మసకబారి యుండును. ఆ ఒక్క సెంటీమీటరు తప్పినచో భూమి చుట్టుకొలత నాలుగు వేల కిలోమీటర్లకు పైగా తప్పును. కర్రకొనకు అట్టముక్క అతికి దానిలో సన్నని బెజ్జము పొడిచినచో, నేలపై సూర్యుని చిన్న బింబము పడును. దాని నడుమ గుర్తుపెట్టి, ఎత్తును బెజ్జమువరకు కొలుచుట ఉత్తమము.

ఇంకొక్క జాగ్రత్త. ఆ దినములలో సూర్యుడు రోజుకు డిగ్రీలో మూడవవంతుకు మించి ఉత్తరమునకు జరుగుచుండును, 3.8 డిగ్రీల లెక్కలో అది పదవవంతు. కావున ఒక నగరమున మబ్బు పట్టినచో, రెండవ నగరమువారు తమ కొలతను కూడ ప్రక్కనపెట్టి, మరునాడు ఉభయులును మరల కొలువవలెను. ఆ మాట ఫోనులో చెప్పుకొనుటకు రెండుచోట్లను ఒక్కొక్క పంతులు పూనుకొనిన చాలును.